ఒకరికి బయటపడితే ఇంటిల్లిపాదికీ పరీక్ష

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి ఉత్తర తెలంగాణలోని ఒక గ్రామంలో మన సంఘం సభ్యుడు, ఒక కౌలు రైతు చనిపోయాడు. వయసు 46 ఏళ్లు. పురుగుల మందు తాగలేదు, ఉరి వేసుకోలేదు కనుక పేపర్లో వార్త రాలేదు. పత్తి రెండో ఏరుడు నాటికి కడుపు ఉబ్బింది, కాళ్లకు నీరు దిగింది. జిల్లా ఆస్పత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తిప్పారు. లివర్ క్యాన్సర్ అన్నారు, ముదిరిపోయిందన్నారు. మూడు నెలల్లో నాలుగు లక్షల అప్పయింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. రెండెకరాల సొంత భూమి తల్లి పేరున ఉంది, మిగతా అయిదెకరాలు కౌలు. పట్టా తన పేరున లేదు కాబట్టి రైతు బీమా అయిదు లక్షలు ఆ ఇంటికి రాలేదు. ఆ సంగతి మీద ఈ పత్రికలో చాలాసార్లు రాశాం, మళ్లీ రాస్తాం. ఈ నెల రాయదలచింది వేరు.

ఆ రైతు గత వానాకాలంలో రెండుసార్లు మన కార్యాలయానికి వచ్చాడు. పంట రుణం దరఖాస్తు రాసిచ్చాం. మనిషి బాగా చిక్కిపోయాడేమని అడిగితే ‘కామెర్లు, పసరు తాగుతున్నా’ అన్నాడు. మేము ‘జాగ్రత్త’ అని పంపించాం. బ్యాంకు మేనేజర్‌ను నిలదీయడానికి పది మందిమి వెళ్లాం గానీ, ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఒక్కరమూ లేవలేదు. ఇది ఒప్పుకోకుండా మిగతాది రాయడం సరికాదనిపించింది.

క్యాన్సర్‌కు మూలం హెపటైటిస్ బి అనే వైరస్ అని ఆస్పత్రిలో చెప్పారు. ఇంట్లో అందరికీ రక్తపరీక్ష చేయించమని కాగితం మీద రాసిచ్చారు కూడా. దినాలు అయ్యాక ఆ కాగితం గూట్లోకి పోయింది. పరామర్శకు వెళ్లిన మన మండల కమిటీ వాళ్ల కంట పడి, అందరినీ ఆటోలో ఎక్కించి తీసుకుపోయారు. ఫలితాలు ఇలా వచ్చాయి. భార్యకు ఎప్పుడో సోకి, ఆమె శరీరమే వైరస్‌ను తరిమేసింది, ఇక ఆమెకు రక్షణ ఉంది. ఇరవయ్యేళ్ల కొడుక్కి వైరస్ లేదు, రక్షణా లేదు. పెళ్లయిన కూతురికి ఉంది, అప్పటికి ఆమె ఏడు నెలల గర్భవతి. డెబ్బై దాటిన తల్లికి ఉంది. అన్నకూ ఉంది.

అన్నకు ఉన్నట్టు అన్నకు ముందే తెలుసు. ఎనిమిదేళ్ల కింద గల్ఫ్ వీసా కోసం మెడికల్‌కు పోతే ‘అన్‌ఫిట్’ అని రాసి పంపించారు. గల్ఫ్ దేశాలకు కూలికి పోయేవాళ్లకు చేసే పరీక్షల్లో హెపటైటిస్ బి, సి కూడా ఉంటాయి. వైరస్ ఉందని తేలితే వీసా రాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎంతోమంది యువకులకు తమ ఒంట్లో ఈ వైరస్ ఉన్న సంగతి మొదటిసారి తెలిసేది అక్కడే. తెలిసి ఏమవుతుంది? పాస్‌పోర్టు తిరిగి ఇస్తారు, ఏజెంటుకు కట్టిన డబ్బులో సగం పోతుంది, మనిషి ఊరికి తిరిగొచ్చి ‘వీసా కుదరలేదు’ అంటాడు. ఆ అన్న కూడా అంతే అన్నాడు. భార్యకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు. ఎందుకని అడిగితే మాతో అన్న మాట ఇది: ‘చెప్తే బిడ్డ పెండ్లి ఆగుతదని భయపడ్డ అన్నా.’

ఆయన్ను దోషిగా నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన భయం ఉత్తిది కాదు. ఈ రోగం ఉందని తెలిసిన ఇంట్లో మంచినీళ్లు ముట్టని బంధువులు మన మధ్యనే ఉన్నారు. మన సంఘంలోనే ఉన్నారు. కానీ ఎనిమిదేళ్ల కింద ఆ ఒక్క మాట బయటికి వచ్చి ఉంటే తమ్ముడికి అప్పుడే పరీక్ష జరిగేది. ఆరు నెలలకోసారి చూపించుకునేవాడు, అవసరమైతే రోజుకొక మాత్ర వేసుకునేవాడు. కచ్చితంగా బతికేవాడని ఎవరూ చెప్పలేరు గానీ, బతకడానికి గట్టి అవకాశం ఉండేది. తమ్ముడి పిల్లలకు టీకా పడేది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో, 55 లక్షల మంది హెపటైటిస్ సితో జీవిస్తున్నారు. ప్రపంచం మొత్తం మీద హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ సంగతి తెలిసినవాళ్లు నూటికి 13 మంది. మందు అందుతున్నది ముగ్గురికి.

కామెర్లు అనగానే మనకు ఒకటే రోగం గుర్తుకొస్తుంది. కామెర్లు లక్షణం మాత్రమే, కారణాలు వేరు వేరు. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చేవి ఎ, ఇ రకాలు. మంచినీళ్ల పైపు మురుగుకాల్వలో నుంచి పోయే ప్రతి ఊళ్లోనూ వానాకాలంలో ఇవి వస్తాయి, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. గర్భిణులకు ఇ రకం మాత్రం ప్రాణాంతకం. బి, సి రకాలు నీళ్ల ద్వారా రావు. రక్తం ద్వారా వస్తాయి. బి రకం దాంపత్య సంబంధం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతుంది. ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఒంట్లో ఉంటుంది. నొప్పి ఉండదు, కళ్లు పచ్చబడవు, మనిషి దుక్కి దున్నుకుంటూనే ఉంటాడు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కాలేయం గట్టిపడి కడుపులో నీరు చేరాకో, క్యాన్సర్ అయ్యాకో బయటపడుతుంది.

ఆ ఇంట్లో మూడు తరాల దాకా ఎలా పాకిందో అర్థం చేసుకోవాలంటే ఒక్క విషయం తెలియాలి. పెద్దవాళ్లకు హెపటైటిస్ బి సోకితే నూటికి 95 మందికి పైగా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. పుట్టేటప్పుడు సోకిన బిడ్డల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు ఈ రెంటికీ మధ్యలో. అందుకే ఈ వైరస్ ఇళ్లల్లో కూడు పెట్టుకుంటుంది. తల్లి నుంచి ఇద్దరు కొడుకులకు వచ్చింది. తమ్ముడి నుంచి పసితనంలో కూతురికి వచ్చింది. నాన్న గడ్డం గీసుకున్న బ్లేడుతో పిల్ల గోళ్లు తీయడం, ఒకే టూత్‌బ్రష్, కొడవలి తెగిన వేలికి కట్టిన గుడ్డ పిల్ల పుండు మీద కట్టడం, ఇలాంటివి చాలు. శరీరం బయట ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు.

మన జనం దీన్ని వంశపారంపర్యం అంటారు. ‘వాళ్ల ఇంటి రక్తంలోనే ఉంది’ అని సంబంధాలు వదిలేసుకుంటారు. ఇది పూర్తిగా తప్పు. రంగు, ఎత్తు వచ్చినట్టు ఇది రాదు. ఇది సోకేది, సోకేది కాబట్టి ఆపగలిగేది. ఆ ముసలమ్మకు కొడుకుల రోగం తన నుంచే వచ్చి ఉండొచ్చని ఆస్పత్రిలో ఎవరో మొహం మీదే చెప్పారు. రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆమె ప్రసవించిన కాలానికి పల్లెలో టీకా లేదు, పరీక్ష లేదు, మంత్రసాని తప్ప దిక్కు లేదు. ఆమెకు ఎవరి నుంచి సోకిందో ఎవరికి తెలుసు? ఆమెను నిందించే నోరు ఎవరికీ ఉండకూడదు.

ఎలా సోకదో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసులో నీళ్లు తాగితే రాదు. దగ్గితే, తుమ్మితే, కౌగిలించుకుంటే, పక్కపక్కన నాట్లు వేస్తే, కలుపు తీస్తే రాదు. పుట్టిన వెంటనే టీకా పడిన బిడ్డకు తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. కంచం వేరు చేయాల్సిన పని లేదు. వేరు చేయాల్సింది బ్లేడు, బ్రష్, గోళ్లు తీసే కత్తెర.

పసరు సంగతికి వద్దాం. ఇక్కడ కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఎ, ఇ రకాల కామెర్లు నాలుగైదు వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పెద్దవాళ్లకు కొత్తగా సోకిన బి రకం కూడా చాలామందిలో అలాగే తగ్గుతుంది. ఆ నాలుగైదు వారాలూ పసరు తాగితే, పేరు పసరుకు వస్తుంది. చేతికి వాత పెట్టించుకుంటే, పేరు వాతకు వస్తుంది. నేలఉసిరిని సైన్సు పట్టించుకోలేదనే మాట కూడా నిజం కాదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూక్ బ్లంబర్గ్ స్వయంగా తన సహచరులతో కలిసి నేలఉసిరి మీద పరిశోధన చేసి 1987లో ప్రకటించారు. మరుసటి ఏడాది చెన్నై వైద్యుల ఫలితాలు కూడా ఆశ పుట్టించాయి. తర్వాత చేసిన పరీక్షల్లో ఆ ఆశ నిలబడలేదు. కాబట్టి పెరట్లో నేలఉసిరిని ఎగతాళి చేయం, దాన్ని నమ్ముకుని రక్తపరీక్ష మానొద్దంటాం. మన సభ్యుడు పసరు తాగుతూ పోగొట్టుకున్న నెలలు తక్కువేమీ కాదు.

ఇక మన పంటకూ ఈ రోగానికీ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. వేరుశనగకు, మొక్కజొన్నకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు కారణమవుతుంది. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఆ గింజలు తింటూ ఉంటే క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. వండినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. పంట చివర్లో వాన ముఖం చాటేసినా, కోసిన తర్వాత కుప్ప తడిసినా బూజు పెరుగుతుంది. రాయలసీమ వేరుశనగ రైతులకు, కరీంనగర్ మక్క రైతులకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. వ్యాపారి తీసుకోని నల్లబడ్డ గింజను మనం ఏం చేస్తాం? పారేయడానికి మనసొప్పక ఇంటికి ఉంచుకుంటాం. మంచి గింజ మార్కెట్‌కు, బూజు గింజ మన పిల్లలకు. గింజ ఆరబెట్టుకునే కల్లాలు, టార్పాలిన్లు అడగడం ధర కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. సారా, మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. వైరస్ ఉన్న కాలేయం మీద అవి రెండో దెబ్బ.

సూది మాట కూడా ఎత్తాలి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. మన ఊళ్లలో అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆర్‌ఎంపీ ఒక్కడే, ఆ మేలు మరవం. అయినా సూది ప్యాకెట్టు మన కళ్ల ముందు చింపాలి, గుచ్చిన సూది మన కళ్ల ముందు విరగాలి. ఒళ్లు నొప్పులకు సూది అడగడం మనం మానాలి. క్షవరం దగ్గర ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేయమని అడగాలి, ఆ రెండు రూపాయలు మనమే ఇవ్వాలి.

ఇంత పాత శత్రువును ఆపే ఆయుధం మన చేతుల్లో లేదా అంటే, ఉంది. అదీ తెలుగు నేల మీదే తయారైంది. ఒకప్పుడు హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వచ్చేది, పేదవాడు కొనలేని ధర. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి తల్లి పేరుతో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో శాన్‌వాక్-బి టీకాను బయటికి తెచ్చారు. దేశంలో ఈ పద్ధతిలో తయారైన మొదటి టీకా అది. దాంతో ధర ఒక్కసారిగా దిగివచ్చింది. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరింది. పుట్టిన 24 గంటల లోపు ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌తో కలిపి మూడు.

మరి హైదరాబాద్‌లో టీకా తయారై ఇరవై ఎనిమిదేళ్లు దాటినా, ఆ ఊళ్లో ఇరవయ్యేళ్ల కుర్రాడికి అది ఎందుకు అందలేదు? పట్టికలో చేరకముందు పుట్టినవాళ్లను ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లే ఇవాళ పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు.

2018 జులై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. బి, సి రకాలకు పరీక్షలు, మందులు ఉచితం. సి రకానికి టీకా లేదు గానీ, ఇప్పుడున్న మాత్రలు సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పూర్తిగా నయమవుతుంది. బి రకానికి టెనోఫోవిర్ మాత్ర వైరస్‌ను అణిచి ఉంచుతుంది. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. మా అనుభవం చెబుతాం. ఆ కుటుంబాన్ని వైరల్ లోడ్ పరీక్షకు తీసుకుపోవడానికి మూడు రోజుల కూలి పోయింది. కూతురి ప్రసవం జరిగిన ఆస్పత్రిలో టీకా ఉంది, పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డకు దాంతో పాటు ఇవ్వాల్సిన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ లేదు. పెద్ద ఊరి నుంచి ఐసు పెట్టెలో తెప్పించారు. మన కార్యకర్త మోటారు సైకిల్ మీద వెళ్లి తెచ్చాడు కాబట్టి సమయానికి పడింది. మోటారు సైకిల్ లేని ఇంటి బిడ్డ సంగతేమిటి?

అందుకే మన సంఘం ఈ విషయంలో ప్రభుత్వాలను అడుగుతున్నది స్పష్టంగా ఉంది. ఒక మనిషికి పాజిటివ్ అని తేలితే, ఆ ఇంటికి ఏఎన్ఎం వెళ్లి అందరికీ పరీక్ష చేయించే బాధ్యత ప్రభుత్వానిదే కావాలి, క్షయ రోగానికి చేస్తున్నట్టు. నెగిటివ్ వచ్చిన పెద్దలకు మూడు డోసుల టీకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా వేయాలి. ప్రసవాలు జరిగే ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో, ఆదివారమైనా అర్ధరాత్రైనా, టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ ఉండాలి. రక్తం నమూనా జిల్లాకు వెళ్లాలి గానీ మనిషి వెళ్లనవసరం లేకుండా చూడాలి. గల్ఫ్ మెడికల్ కేంద్రాలు ‘అన్‌ఫిట్’ ముద్ర కొట్టి చేతులు దులుపుకోకుండా, ఆ మనిషిని ప్రభుత్వ చికిత్స కేంద్రానికి పంపి తీరాలని నిబంధన పెట్టాలి. హెచ్ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం చేశారు. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో అలాంటి రక్షణే హెపటైటిస్ ఉన్నవారికీ కావాలి.

అడగడంతో మన పని అయిపోదు. ఈ నెల 28న ప్రపంచ హెపటైటిస్ దినం, అది బ్లంబర్గ్ పుట్టినరోజు. ఆ వారంలో జరిగే మండల సమావేశాలకు వచ్చే సభ్యులంతా అదే రోజు పరీక్ష చేయించుకునేలా ఆరోగ్య కేంద్రాలతో మాట్లాడమని కమిటీలను కోరుతున్నాం. నాయకులు ముందు వరుసలో నిలబడాలి. ఎవరికి ఏం వచ్చిందో వాళ్లకు, డాక్టరుకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు. పాజిటివ్ వచ్చిన సభ్యుడి ఇంట్లో ఇల్లంతా పరీక్షకు వెళ్లేదాకా కమిటీలో ఒకరు వెంట ఉండాలి. సంబంధాలు చూసుకునే ఇళ్లల్లో దీని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు. ఒకరికి ఉంటే రెండో వారు మూడు డోసులు వేయించుకుని రక్షణ వచ్చిందని పరీక్షలో తేల్చుకుంటే, ఆ పెళ్లికి అడ్డేమీ లేదు.

ఆ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాం. అన్న ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. ఆయన భార్యకు, పిల్లలకు పరీక్షలు అయ్యాయి. తమ్ముడి కొడుకు రెండు డోసులు వేయించుకున్నాడు, మూడోది ఆగస్టులో. కూతురికి గర్భంలో ఉండగానే మందు మొదలుపెట్టారు. అత్తింటివాళ్లు మొదట ముఖం తిప్పుకున్నారు. మన మహిళా కార్యకర్తలు రెండుసార్లు వెళ్లి వాళ్ల పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడి, ఆ అమ్మాయి వండిన అన్నమే తిని వచ్చారు. ఆమె మొదటి బిడ్డకు మూడేళ్లు, టీకాలన్నీ సమయానికి పడ్డాయి, వైరస్ లేదు. రెండో బిడ్డ ఏప్రిల్‌లో పుట్టింది. మూడో పెంటావాలెంట్ ఈ నెలాఖరుకు వేయించాలి. ఆ పాపకు రక్తపరీక్ష తొమ్మిది నెలలు నిండాక చేస్తారు, అంటే వచ్చే సంక్రాంతి దాటాక.